ఈశాన్యం పల్లం, అడుగున మంచు: ఫెయిర్‌బ్యాంక్స్‌లో మేం ఇల్లు కొన్న అనుభవం

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఇల్లు కొనాలనుకుంటే ముందు ఇల్లు కాదు, చుట్టూ ఉన్న చెట్లు చూడాలి. తెల్ల బెరడు బర్చి చెట్లు, ఆస్పెన్ చెట్లు ఉంటే లోపలికి వెళ్ళి వంటగది ఎలా ఉందో చూడొచ్చు. సన్నగా, నల్లగా, ఒకటి అటు ఒకటి ఇటు ఒరిగిపోయిన బ్లాక్ స్ప్రూస్ చెట్లు కనిపిస్తే కారు దిగే ముందే ఒకసారి ఆలోచించుకోవాలి. ఈ సంగతి మాకు ఏజెంట్ చెప్పలేదు, మేం అద్దెకున్న క్యాబిన్ ఓనరమ్మ చెప్పింది. ఉద్యోగాల మీద ఈ ఊరు వచ్చే మనవాళ్ళు అప్పుడప్పుడు నన్ను ఇల్లు సంగతి అడుగుతుంటారు కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మేం డాలస్ నుంచి వచ్చాం. మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం, నాది ఇంట్లో కూర్చుని చేసుకునే అకౌంట్స్ పని. అలాస్కా అనగానే అందరూ ధ్రువ ప్రాంతం అనుకుంటారు గానీ ఈ ఊరు ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణంగా, 64.8 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. చుట్టూ టైగా అడవి. కెనడాలోనూ సైబీరియాలోనూ వేల కిలోమీటర్లు పరుచుకున్న అడవి ఇదే. జనవరిలో మైనస్ 40 తగలడం ఇక్కడ వింత కాదు, జూలైలో ఓ రోజు 30 దాకా పోవడమూ వింత కాదు. కానీ ఏడాది మొత్తానికి సగటు తీస్తే సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందే ఉంటుంది. మనుషులకి మైనస్ 40 ముఖ్యం, ఇంటికి మాత్రం ఈ సగటు ముఖ్యం. నేల లోపల ఏముందో తేల్చేది అదే.

మొదటి చలికాలం డ్రై క్యాబిన్‌లో గడిపాం. డ్రై అంటే కుళాయి లేని ఇల్లు. కరెంటుంది, ఇంటర్నెట్ ఉంది, నూనె హీటర్ ఉంది, నీళ్ళ పైపు మాత్రం లేదు. ఊళ్ళో నీళ్ళు అమ్మే చోటికి వెళ్ళి ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టుకొచ్చుకోవాలి, స్నానానికి యూనివర్సిటీకో లాండ్రీ షాపుకో వెళ్ళాలి, మరుగుదొడ్డి బయట చెక్క గదిలో. ఆ గదిలో సీటు ప్లాస్టిక్‌ది కాదు, గోడలకి వాడే నీలం ఫోమ్ అట్టని గుండ్రంగా కోసి పెట్టుకుంటారు. ఎంత చలిలోనైనా అది ఒంటికి చల్లగా తగలదు. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "అమెరికా వెళ్ళి ఇదా మీ బతుకు" అని ఒకటే గొడవ. ఇక్కడ స్టూడెంట్లు, ప్రొఫెసర్లు కూడా చాలామంది ఏళ్ళ తరబడి అలాగే ఉంటారని చెప్తే నమ్మలేదు. పైపు లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. కింద గడ్డకట్టిన నేల ఉంటే బోరు వేయడం, పైపు పాతడం, సెప్టిక్ కట్టడం అన్నీ కష్టం, ఖర్చు. పైపు లేకపోతే పగిలేది లేదు.

ఇప్పుడు నేల సంగతి. రెండేళ్ళకి తక్కువ కాకుండా సున్నా డిగ్రీల దగ్గరో కిందో ఉండిపోయిన నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున అయితే ఎక్కడ తవ్వినా అదే, అనుమానమే అక్కర్లేదు. మా ఊళ్ళో ఒకచోట ఉంటుంది, వంద గజాల అవతల ఉండదు, అదీ అసలు చిక్కు. పైన ఒక పొర వేసవిలో కరిగి చలికాలంలో మళ్ళీ బిగుసుకుంటుంది. దాని కింద ఉన్నది వేల ఏళ్ళుగా కరగలేదు. గడ్డకట్టి ఉన్నంతకాలం గునపం కూడా దిగదు. గులక నేల అయితే కరిగినా పెద్దగా కుంగదు. ఇక్కడి లోయల్లో ఉన్నది అది కాదు, హిమనదాలు అరగదీసిన రాతి పొడిని తనానా నది తెచ్చి ఒడ్డున పోస్తే గాలి మోసుకొచ్చి పరిచిన మెత్తటి దుమ్ము. అందులో మంచు పలకలుగానూ, పైన వెడల్పుగా కిందికి సన్నబడే పెద్ద పెద్ద నిలువు దిమ్మలుగానూ ఉంటుంది. అది కరిగితే ఎంత మంచు ఉందో అంత మేరా నేల కిందికి దిగిపోతుంది.

మాటలతో చెప్తే నాకూ ఎక్కలేదు. ఊరికి ఉత్తరాన ఫాక్స్ అనే చోట 1960ల్లో అమెరికా సైన్యం ఇంజనీర్లు కొండ లోపలికి తవ్విన పెర్మాఫ్రాస్ట్ సొరంగం ఉంది, మా ఆయన ఆఫీసు వాళ్ళతో కలిసి వెళ్ళే వీలు దొరికింది. లోపలికి అడుగుపెట్టగానే వాసన. వేల ఏళ్ళ నాటి గడ్డి, వేళ్ళు, జంతువుల అవశేషాలు సగం కుళ్ళి ఆగిపోయిన వాసన. గోడల్లోంచి అడవి దున్నల ఎముకలు, మామత్ ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. నేను మాత్రం ఎముకల కంటే మంచునే ఎక్కువసేపు చూశాను. గోడలో నా ఎత్తు కంటే పెద్ద మంచు దిమ్మ, దానికి అటూ ఇటూ మట్టి. దాని మీద ఎవరైనా తెలియక ఇల్లు కట్టి, లోపల 20 డిగ్రీలు పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

వేసవి రాగానే ఇళ్ళు చూడటం మొదలుపెట్టాం. ఇక్కడే నాన్న రంగంలోకి దిగారు. మాది నరసరావుపేట. నాన్న దగ్గరుండి ఇల్లు కట్టించుకున్న మనిషి, వాస్తు పట్టింపు బాగా ఉంది. స్థలం ఉత్తరానికో తూర్పుకో పల్లంగా ఉండాలి, ఈశాన్యం మూల బాగా పల్లం ఉంటే మరీ మంచిది, దక్షిణం, నైరుతి ఎత్తుగా ఉండాలి. ఇవి చూడకుండా అడ్వాన్సు ఇస్తే ఊరుకోనన్నారు. ఆయన చెప్పినట్టు ఉత్తరానికి వాలిన స్థలమే మాకు ముందు దొరికింది కూడా. గోల్డ్‌స్ట్రీమ్ లోయ వైపు, ధర చాలా తక్కువ, చెక్క ఇల్లు ముచ్చటగా ఉంది, ఫొటోలు చూసి నాన్న తెగ సంతోషపడ్డారు.

వెళ్ళి చూస్తే దారి పొడవునా బ్లాక్ స్ప్రూసే. ఈ చెట్టు వేళ్ళు లోతుకి పోవు, గడ్డకట్టిన నేల మీదున్న జానెడు మూరెడు తడి మట్టిలోనే పక్కలకి పాకుతాయి. నా మణికట్టంత లావున్న చెట్టుకి కూడా వందేళ్ళు ఉండొచ్చు. కింద నేల కుంగితే వేళ్ళకి పట్టు లేక ఒరిగిపోతాయి, ఆ ఒరిగిన గుంపుల్ని ఇక్కడ తాగిన అడవి అంటారు. ఇంట్లో పడగ్గది తలుపు సగం మూసుకుని ఆగిపోయింది. కిటికీ మూలల నుంచి గోడకి ఏటవాలు పగుళ్ళు. మా ఆయన జేబులోంచి గోళీ తీసి వంటగదిలో పెడితే అది తీరిగ్గా దొర్లుకుంటూ పోయి ఈశాన్యం మూలకే చేరింది! అమ్మేవాళ్ళు మంచివాళ్ళే, దాచలేదు, తెలిసిన లోపాలన్నీ కాగితం మీద రాసిచ్చారు. ఇల్లు దిమ్మెల మీద నిలబెట్టి ఉంది, కింద స్క్రూ జాక్‌లు ఉన్నాయి, ఏడాదికోసారి కిందికి దూరి ఏ మూల దిగితే ఆ మూల లేపుకోవాలట. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నామని ఎంత మామూలుగా చెప్పారో.

ఆ రాత్రి నాన్నతో పెద్ద వాదనే అయింది. చివరికి పని చేసింది రేగడి. మా పల్నాడు వైపు నల్లరేగడి నేల ఉన్నవాళ్ళకి తెలుసు, వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిచ్చి కుంగుతుంది, సరిగ్గా పునాది వేయకపోతే గోడలు పగులుతాయి. మా ఇంటికి రేగడి తోడించి ఇసుక నింపించారు నాన్న. "ఇక్కడా అంతే నాన్నా, మనకి నీళ్ళతో వచ్చే తంటా ఇక్కడ వేడితో వస్తుంది" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ మట్టి తోడేసి గులక పోయించకూడదా అమ్మా?" అని అడిగారు. సరైన ప్రశ్న. తక్కువ లోతుంటే అలా చేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. కానీ చాలాచోట్ల అది పదుల అడుగులు పోతుంది, తోడుతూ పోతే అంతుండదు, పైగా పైన కప్పు తీసేసరికి మిగిలింది కరగడం మొదలవుతుంది.

పైన కప్పు అంటే నాచు. ఈ అడవిలో నేల మీద మెత్తటి నాచు పరుపు ఉంటుంది, వేసవి వేడి కిందికి దిగకుండా ఆపేది అదే. ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే దీని మీద పరీక్ష చేశారు. 1946లో మూడు చదరపు నేల ముక్కలు తీసుకున్నారు. ఒకదాన్ని ముట్టుకోలేదు, ఒకదానిలో చెట్లు మాత్రం కొట్టి నాచు ఉంచారు, మూడోదానిలో నాచుతో సహా అంతా చెక్కేశారు. 26 ఏళ్ళ తర్వాత చూస్తే మొదటిదానిలో ఏ మార్పూ లేదు, చెట్లు కొట్టినదానిలో పెర్మాఫ్రాస్ట్ 4.7 మీటర్ల లోతు దాకా కరిగిపోయింది, చెక్కేసినదానిలో 6.7 మీటర్ల దాకా. అక్కడ ఇల్లేమీ కట్టలేదు, హీటరేమీ పెట్టలేదు, ఊరికే ఎండ తగలనిచ్చారు, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు స్థలం కొనగానే బుల్డోజర్ పిలిచి శుభ్రంగా చదును చేయిస్తారు చూడండి, అది చూస్తే నాకు ఇప్పుడు కడుపులో దేవినట్టవుతుంది.

ఉత్తరం వాలులో ఈ గడ్డకట్టిన నేల ఎందుకుంటుందంటే ఎండ తగలక. డిసెంబరు 21న ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశం అంచు నుంచి రెండు డిగ్రీలు పైకి రాడు. పగలు మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు. అది కూడా తూర్పున లేచి పడమట దిగడం కాదు, దక్షిణాన ఓ మూల లేచి పక్క మూలకి దిగిపోతాడు. ఉత్తరానికి వాలిన కొండకి నెలల తరబడి ఆ ఎండ తగలదు. దక్షిణానికి వాలిన కొండకి ఉన్న కాస్తా నేరుగా తగులుతుంది, అందుకే అక్కడ నేల కరిగి ఉంటుంది, అందుకే బర్చి, ఆస్పెన్ పెరుగుతాయి. అంటే మన వాస్తులో పనికిరాని స్థలమే ఇక్కడ మొదటి రకం. నాన్న ఒప్పుకున్నారు గానీ "మన శాస్త్రం మన ఎండకి రాసింది తల్లీ, అది తప్పు కాదు" అని ఒక మాట అనకుండా వదల్లేదు. అదీ నిజమే.

అందరూ ఇల్లు తిప్పి చూపిస్తారు గానీ నేను అలాస్కా ముడినూనె పైప్‌లైన్ కూడా చూసి రమ్మంటాను. ఫాక్స్ వెళ్ళే దారిలోనే, రోడ్డు పక్కన ఆగి చూడొచ్చు. ఉత్తర తీరంలో ప్రుడో బే నుంచి దక్షిణాన వాల్డీజ్ రేవు దాకా 1,287 కిలోమీటర్లు, 1975లో మొదలుపెట్టి 1977కి పూర్తి చేశారు. భూమిలోంచి వేడిగా వచ్చే నూనె కాబట్టి పాతిపెడితే నేల కరుగుతుందని సగానికి పైగా గాల్లో, స్తంభాల మీద పెట్టారు. ఆ స్తంభాల నెత్తిన రెక్కలున్న గొట్టాలు కనిపిస్తాయి, లోపల అమ్మోనియా. చలికాలంలో నేలలో ఉన్న కాస్త వేడికే అమ్మోనియా ఆవిరై పైకొస్తుంది, పైన చలికి మళ్ళీ ద్రవమై కిందికి జారుతుంది, అలా నేలలో వేడిని తోడి గాల్లోకి వదులుతూ ఉంటుంది. మోటారు లేదు, కరెంటు లేదు. వేసవిలో తనంతట తనే ఆగిపోతుంది. డబ్బున్నవాళ్ళు ఇంటి కింద కూడా ఇలాంటివే పెట్టించుకుంటారు. మాకా స్తోమత లేదు, అందుకే మంచి నేల కోసం వెతికాం.

వేసవి అంతా తిరిగాక చీనా రిడ్జ్ వైపు ఒక ఇల్లు కుదిరింది. పాతది, చిన్నది, దక్షిణం వాలు, ఇంటి చుట్టూ బర్చి. స్థలం కింది చివర రోడ్డు దగ్గర మాత్రం కొన్ని బ్లాక్ స్ప్రూస్ ఉన్నాయి. సెప్టెంబరు దాకా ఆగమని క్యాబిన్ ఓనరమ్మే చెప్పింది, ఎందుకంటే వేసవి కరుగు ఎంత లోతు పోవాలో అప్పటికి అంతా పోయి ఉంటుంది. పొడవాటి ఇనప చువ్వ తీసుకుని స్థలమంతా గుచ్చుకుంటూ తిరిగాం. ఇంటి దగ్గర చువ్వ మొత్తం దిగింది. కింది చివర స్ప్రూస్ దగ్గర మోకాలి లోతుకే ఠక్‌మని ఆగింది. రాయి తగిలినా ఆగుతుంది కదా అని పక్కన ఇంకోచోట, ఇంకోచోట గుచ్చాం, అదే లోతులో అదే చప్పుడు. తర్వాత డబ్బిచ్చి డ్రిల్లర్‌ని పిలిపించి ఇంటి పక్కన ఒక బోరు పెట్టించాం. పైన దుమ్ము మట్టి, కింద పొరలు పొరలుగా విరిగే రాయి, మంచు లేదు. ఈ ఖర్చు దగ్గర మాత్రం ఎవరూ వెనకాడొద్దు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన లేజర్ పెట్టి అన్ని గదుల మట్టం చూశాడు. నేల సంగతి కాక ఇంకా చాలా అడగాలి. నీళ్ళు ఎక్కడివి? ఈ కొండల్లో కొన్ని బోర్ల నీళ్ళలో ఆర్సెనిక్ సహజంగానే ఉంటుంది, పరీక్ష చేయించాలి. మా ఇంట్లో బోరు లేదు, భూమిలో పాతిన ట్యాంకు, లారీ వచ్చి నింపి పోతుంది, అందుకే గిన్నెలు కడిగేటప్పుడు నేను ఇప్పటికీ కుళాయి కట్టేస్తూ తెరుస్తూ ఉంటాను. హీటింగ్ నూనె ట్యాంకు బయట ఉందా, భూమిలో ఉందా? బయట ఉంటే ఒకటో నంబరు నూనె పోయాలి, రెండో నంబరు కాస్త చవక గానీ చలికి చిక్కబడి పైపులో ఆగిపోతుంది. సెప్టిక్ గొట్టానికి వేడి తీగ చుట్టి ఉందా? కరెంటు పోతే వెలిగించుకోడానికి కట్టెల పొయ్యి ఉందా? మైనస్ 40లో బాయిలర్ ఆగితే పైపులు పగలడానికి ఎక్కువసేపు పట్టదు.

కొండ మీద ఇంకో లాభం కూడా ఉంది, ఇది చలికాలం వచ్చాక గానీ పూర్తిగా అర్థం కాదు. గాలి కదలని రోజుల్లో చల్లగాలి బరువుగా లోయలోకి దిగి కూర్చుంటుంది, పైన వెచ్చగా ఉంటుంది. మేం మైనస్ 25లో బయల్దేరి ఊళ్ళోకి దిగేసరికి కారు మీటరు మైనస్ 38 చూపించిన రోజులున్నాయి. ఆ కింది గాలిలోనే కట్టెల పొగా, కార్ల పొగా అన్నీ ఇరుక్కుంటాయి, మైనస్ 40 దగ్గర కార్ల ఆవిరే సన్నటి మంచు పొగై రోడ్డు కనపడదు. ఆస్తమా ఉన్నవాళ్ళు లోయలో ఇల్లు తీసుకునే ముందు ఇది ఆలోచించుకోండి.

అక్టోబరు చివర్లో గృహప్రవేశం. తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు పొంగించాలని అమ్మ పట్టు. ఇక్కడ అప్పుడు తొమ్మిది దాటాక గానీ సూర్యోదయం కాదు. సియాటిల్‌లో ఉన్న పురోహితుడు ఇక్కడి సూర్యోదయం ప్రకారం లెక్కకట్టి ఏడున్నర తర్వాత ముహూర్తం పెట్టారు, చక్కగా నిద్రపోయి లేచి చేసుకున్నాం. కొబ్బరికాయ రాత్రంతా కారులో మర్చిపోయాడు మా ఆయన, కొడితే నీళ్ళకి బదులు తెల్ల గడ్డ వచ్చింది.

ఇక చలికాలం. ఇళ్ళున్నవాళ్ళంతా నవంబరులో మంచు పడాలని కోరుకుంటారు, మొదట్లో ఇది నాకు వింతగా అనిపించింది. మంచు మందంగా పడితే నేలకి దుప్పటి, పైన మైనస్ 40 ఉన్నా అడుగున ఎలుకలు సొరంగాలు చేసుకుని హాయిగా తిరుగుతుంటాయి. మంచు పడకుండా చలి ముందొస్తే చలి నేలలోకి దిగి సెప్టిక్‌లు గడ్డకడతాయి. అందుకే మా సెప్టిక్ మీద మేం నడవం, మంచు మీద నడిపే బండి, స్నోమెషీన్, పోనివ్వం, తొక్కితే ఆ దుప్పటి పలచబడుతుంది. ఊరికి వెళ్ళేటప్పుడు కిటికీలో ఒక ఎర్ర బల్బు పెట్టి వెళ్తాం, ఇంట్లో వేడి తగ్గితే అది వెలుగుతుంది, చూసిన పొరుగువాళ్ళు ఫోన్ చేస్తారు. కారు ఇంజన్‌కి వైరుంటుంది, రాత్రి ప్లగ్‌లో పెడితేనే పొద్దున కదులుతుంది, కదిలినా మొదటి కిలోమీటరు టైర్లు కింద చదునుగా బిగుసుకుపోయి డబడబలాడతాయి. ముంగిట్లో దుప్పి జాతి మూస్ వచ్చి బర్చి కొమ్మలు నములుతూ నిలబడితే అది వెళ్ళేదాకా లోపలే ఉండాలి, అదిలిస్తే మీదికొస్తుంది. చీకటి కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది పొడిగాలి. పెదాలు, వేళ్ళు పగిలి, ఏది ముట్టుకున్నా షాక్ కొట్టి చిరాకు. రాత్రి పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు మరగనిస్తే కొంత నయం.

ఇల్లు నిలబడింది. గోళీ పెడితే పెట్టినచోటే ఉంది, పగుళ్ళు లేవు, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయి. కానీ మేలో మంచు కరిగాక చూస్తే కింది చివర, స్ప్రూస్ దగ్గర, చువ్వ ఆగిన చోటే కారు దారి మధ్యలో కుంగింది. తెలిసిందే, కొనేటప్పుడు ఆ సంగతి చూపించి రేటు తగ్గించుకున్నాం కూడా. రోడ్ల పని చేసేవాళ్ళని ఇద్దర్ని పిలిస్తే ఒకాయన తవ్వి అంతా మార్చేద్దామన్నాడు, బిల్లు చూసి కళ్ళు తిరిగాయి. రెండో ఆయన ముసలాయన, పలుగు కూడా వేయొద్దు, నాచు కదిలిస్తే ఇంకా దిగుతుంది, ఏటా పైన గులక పోసుకుంటూ పొండి, నీళ్ళు నిలవకుండా పక్కకి కాలవ పెట్టండి అన్నాడు. నాన్నని అడిగితే ఆయనదీ రెండో ఆయన మాటే. ఒక లారీ పోయించాం, ఆగస్టులో ఇంకో లారీకి చెప్పి ఉంచాం.